దూరం ఎంతో చుక్కనే తేల్చుకోనివ్వండి

ప్రశ్న: పద్దెనిమిది రోజుల క్రితం షెల్టర్ నుంచి ఒక ఆడకుక్కను ఇంటికి తెచ్చుకున్నాం. వయసు రెండేళ్లు ఉండొచ్చన్నారు. చుక్క అని పేరు పెట్టాం. వచ్చిన రోజు సోఫా వెనక్కి దూరింది, ఇప్పటికీ అదే దాని చోటు. మేం పడుకున్నాకే బయటికొచ్చి తింటుంది, ఒక మూల ఒంటికి పోతుంది. మావారు లేచి నిలబడితే చాలు, వణికిపోతుంది. ఎంతో ఇష్టపడి తెచ్చింది ఆయనే, అందుకే మనసు కష్టపెట్టుకుంటున్నారు. పోయిన వారం మా ఎనిమిదేళ్ల బాబు సోఫా వెనక చెయ్యి పెడితే గుర్రుమంది. చూసినవాళ్లు "లాగి బయట కూర్చోబెట్టండి, రెండు రోజుల్లో అలవాటు పడుతుంది" అంటున్నారు. "పస్తుంచండి, చచ్చినట్టు చేతిలోది తింటుంది" అని ఇంకొకరు. బయటికి తీసుకెళ్దామంటే గుమ్మం దగ్గర నేలకు కరుచుకుపోతుంది. పాపం, దీన్ని ఎవరైనా బాగా కొట్టి ఉంటారా? మందులేమైనా ఉన్నాయా? వచ్చే నెల నాలుగు రోజులు ఊరెళ్లాలి, అప్పుడేం చెయ్యాలి? అసలు ఇది ఎప్పటికైనా మాకు దగ్గరవుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు మొదట కంటపడింది ధైర్యం తెచ్చుకోదగ్గ మాటే. చుక్క రాత్రిపూట బయటికొచ్చి తింటోందన్నారు. మీరు దాన్ని బాధపడుతూ రాశారు గానీ, మీ చేతికి దొరికిన మొదటి కొస అదే. భయం మరీ ముదిరిన కుక్క తిండి ముట్టదు. గుండె దడదడలాడుతూ ఒళ్లంతా పరుగుకు సిద్ధమై ఉన్నప్పుడు కడుపు పని మందగిస్తుంది. ఎంత ఇష్టమైనది ఎదురుగా పెట్టినా వాసన కూడా చూడదు. రోజులో కొన్ని గంటలైనా చుక్కకు ఆకలి తెలుస్తోందంటే, ఆ కాసేపు దానికి మీ ఇల్లు ఫర్వాలేదనిపిస్తోందన్నమాట. ఆ వేళలో ఉన్న తేడా ఒక్కటే, దగ్గర్లో మనుషులు మసలడం లేదు. ఆ నిశ్చింతను రాత్రి నుంచి పగటికి, ఖాళీ గది నుంచి మనుషులున్న గదికి కొంచెం కొంచెంగా పాకించడమే ఇప్పుడు మీ ముందున్న పని.

పద్దెనిమిది రోజులు మీకు చాలా కాలంలా అనిపించి ఉంటుంది. షెల్టర్ల వాళ్లు కొత్తగా కుక్కను తీసుకెళ్లేవాళ్లకు ఒక లెక్క చెబుతుంటారు: బెంబేలు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి 3 నెలలు. ఇది అనుభవం మీద చెప్పే ఉజ్జాయింపే గానీ శాస్త్రం తేల్చిన గడువు కాదు. అదీ మామూలు కుక్కల సంగతి. చుక్కలా బిక్కచచ్చి వచ్చినవాటికి ఇంకా నెలలు పడుతుంది, కొన్నిటికి ఏడాది దాటుతుంది. ఆలస్యమవుతోందంటే మీ పెంపకంలో ఏదో లోపం ఉందని కాదు.

లాగి బయట కూర్చోబెట్టమన్నవాళ్ల మాట మాత్రం దయచేసి వినకండి. వాళ్లది చెడ్డ ఉద్దేశం కాకపోవచ్చు. అలా లాక్కొచ్చిన కుక్క కాసేపు గింజుకుని, తర్వాత కిక్కురుమనకుండా కూర్చోవడం చూసి అలవాటు పడిందనుకుని ఉంటారు. నిజానికి అది ఆశ వదులుకోవడం. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు దీన్నే చూపించాయి. ఇప్పుడు చదువుతుంటే మనసు చివుక్కుమనే ప్రయోగాలవి. తప్పించుకునే వీల్లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలా భాగం, ఆ తర్వాత చిన్న అడ్డు దూకితే బయటపడే వీలున్నా ప్రయత్నమే చెయ్యలేదు. పడుకుని భరించాయి. ఏం చేసినా లాభం లేదని తెలిశాక ఒళ్లు కదలడం మానేస్తుంది, లోపలి భయం మాత్రం అలాగే ఉంటుంది. అలాంటి కుక్క ఏనాడో తలుపు సందు దొరికితే పారిపోవచ్చు, లేదా ఏ హెచ్చరికా లేకుండా కరవొచ్చు.

పస్తుంచడమూ అంతే. ఆకలికి తట్టుకోలేక మీ చేతి దాకా వచ్చిన కుక్క ఆకలికీ భయానికీ మధ్య నలిగిపోతుంది. ముక్క అందుకుని తలెత్తేసరికి మనిషికి తానెంత దగ్గరగా ఉందో తెలిసి ఇంకా హడలిపోతుంది. దాని పూటతిండి దానికి వేళకు అందాలి, అదీ దానికి నచ్చిన చోట. మచ్చిక చేసుకోవడానికి పెట్టే ముక్కలు వేరు, అవి దానికి అదనం.

బెదురు కుక్క విషయంలో నేను గట్టిగా పట్టుకునే సూత్రం ఒకటుంది. మీకూ దానికీ మధ్య ఎంత దూరం ఉండాలో అదే తేల్చుకోవాలి. దగ్గరికి రావడం దాని ఇష్టం, వెనక్కి పోవడమూ దాని ఇష్టం. వెనక్కి పోయే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందని నమ్మకం కుదిరాకే ఏ జంతువైనా ముందడుగు వేస్తుంది. నేనిక్కడ చెప్పబోయేవన్నీ దీన్నుంచి వచ్చేవే.

సోఫా వెనక చోటును ముందు చుక్క గదిగా ఒప్పేసుకోండి. అది బయటికొచ్చిన వేళ చూసి అక్కడ ఒక దుప్పటి పరవండి, రెండు వైపులా దారి ఉండేలా సోఫాను కాస్త జరపండి. ఒకే సందు ఉన్న మూల దాక్కోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ సందులో మనిషి నిలబడిన మరుక్షణం అది బోనుగా మారిపోతుంది. నీళ్ల గిన్నె అక్కడికి రెండడుగుల్లో ఉంచండి. ఇక ఆ వైపు ఎవరూ తొంగిచూడకూడదు, ఫోన్లు పెట్టి ఫొటోలు తియ్యకూడదు, ఊడ్చే నెపంతో చీపురు దూర్చకూడదు. టీవీ గొంతు తగ్గించండి. శబ్దం ఎంత కీచుగా ఉందో హెర్ట్జ్‌లలో కొలుస్తారు. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుంది. మనకు నిశ్శబ్దంగా ఉన్న గదిలో దానికి ఏ ఛార్జరో, ఏ ట్యూబులైటో కూత పెడుతుండొచ్చు. చుక్క ఏ వేళకు, ఏ మూలకు ఎక్కువ బిగుసుకుపోతోందో గమనిస్తే అలాంటివి బయటపడతాయి. కొన్నాళ్లు చుట్టాలనూ స్నేహితులనూ "కుక్కను చూద్దాం రండి" అని పిలవకండి.

తిండి వేళ, దీపాలార్పే వేళ, మీరు బయటికెళ్లే వేళ రోజూ ఒకేలా ఉండేలా చూడండి. తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలియడం భయపడ్డ ప్రాణికి పెద్ద ఊరట. రాత్రి గిన్నె సంగతికొస్తే, దాన్ని నాలుగైదు రోజులకోసారి పావుగంట ముందుకు జరుపుతూ రండి. కొన్నాళ్లకు మీరు గదికి అవతలి కొసన కూర్చుని చదువుకుంటున్న వేళకు చేరుతుంది. ఒక రోజు తినడానికి రాలేదనుకోండి, తొందరపడ్డామని అర్థం. మర్నాడు వెనకటి వేళకే వెళ్లిపోండి.

ఇక మీవారి సంగతి. ఆయనతో చెప్పండి, ఇది ఆయన మీద కోపం కాదు. చాలా బెదురు కుక్కలు ఆడవాళ్లకన్నా మగవాళ్లకు ఎక్కువ హడలుతాయి. ఎత్తు, బరువైన అడుగు, మందపు గొంతు కలిసి వాటి ప్రాణాలు తోడేస్తాయి. కూర్చున్న మనిషి ఉన్నట్టుండి లేచి నిలబడటమంటే, నేల మీద నుంచి చూసేదానికి ఆ మనిషి క్షణంలో మూడింతలు పెరిగినట్టు. దీన్ని మార్చగలిగింది కూడా ఆయనే. నేను చెప్పే పద్ధతి చూడ్డానికి చాలా చిన్నది, కానీ అందులో ప్రతి కదలికకూ కారణం ఉంది.

రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. సోఫాకు గదిలో వీలైనంత దూరాన నేల మీద కూర్చోమనండి, ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి. కళ్లలోకి చూడొద్దు. తెలియని వాడు తేరిపార చూస్తే కుక్కకు అది కయ్యానికి పిలిచినట్టే. ఒళ్లో గోరంత ముక్కలున్న గిన్నె పెట్టుకోవాలి. ఉప్పూ కారం లేకుండా ఉడికించి ఎముకలు తీసేసిన కోడిమాంసమో, చీజో, చుక్క దేనికి లొంగుతుందో అది. ఒక ముక్కను చెయ్యెత్తకుండా, మణికట్టు మాత్రమే కదిలేలా, నేల మీద జార్చినట్టు వెయ్యాలి. అది ఎక్కడ పడాలన్నదే అసలు కిటుకు. అందరూ కుక్కను దగ్గరికి రప్పించాలని తమ వైపు వేస్తారు. ఈయన మాత్రం చుక్కకు అవతల, దాని వెనకగా పడేలా వెయ్యాలి. అప్పుడు అది తినడానికి మనిషికి దూరంగా జరుగుతుంది. ముక్కా దొరికింది, దూరమూ దొరికింది. ఆ మనిషి వల్ల రెండు మంచిపనులు జరిగాయి.

తిన్నాక అది తల తిప్పి ఆయన వైపు చూస్తుంది. మొదట్లో ఒక్క రెప్పపాటే. ఆ చూపు "ఇంకోటి ఉందా" అన్నట్టుగా మారేదాకా ఇలాగే సాగాలి. ఏదో ఒక రోజు ముక్క తిన్నాక తనంతట తానే అడుగు ముందుకు వేస్తుంది. అక్కడే మనుషుల నిగ్రహానికి పరీక్ష. చెయ్యి చాచకూడదు, "రా, రా" అని బతిమాలకూడదు. అప్పుడు కూడా ముక్క వెనక్కే పడాలి. ఆరోజు వచ్చిన అడుగుకు అది పశ్చాత్తాపపడితే మళ్లీ ఆ అడుగు రావడానికి ఎన్నాళ్లు పడుతుందో. దానికి ఇంకా కావాలనిపిస్తుండగానే ఆట ఆపేయాలి. లేవబోయే ముందు ప్రతిసారీ ఒకే మాట, మెల్లగా, "లేస్తున్నా చుక్కా" అనాలి. నాలుగు ముక్కలు ఒక్కసారే దూరంగా జార్చి, అది తింటుండగా నెమ్మదిగా లేచి, దానికి దూరంగా నడిచి వెళ్లాలి. కొన్నాళ్లకు ఆ మాట వినగానే చుక్క వణకడం మాని ముక్కల కోసం నేల చూడటం మొదలుపెడుతుంది. ఆయన లేచి నిలబడటమనే గండం అక్కడితో సగం గట్టెక్కుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. భయపెట్టేది ముందు కనబడాలి, తిండి దాని వెనక రావాలి. అందుకే "లేస్తున్నా" అన్న మాట ముందు, ముక్కలు తర్వాత. ఆ మాట లేకుండా ముందు తిండి చూపించి, అది తింటుండగా ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడితే కథ అడ్డం తిరుగుతుంది: చీజ్ వాసన వచ్చిందంటే ఏదో కీడు జరగబోతోందని కుక్క నేర్చుకుంటుంది. తిండినే అనుమానించడం మొదలుపెడుతుంది. ఈ విద్య కుక్కల కోసం పుట్టింది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుందేలంటే హడలిపోయే ఒక చిన్న పిల్లవాడి భయాన్ని పోగొట్టిన తీరును ప్రచురించారు. వాడికి ఇష్టమైనది తింటుండగా పంజరంలోని కుందేలును వాడు సహించేంత దూరంలో ఉంచి, రోజురోజుకూ కాస్త దగ్గరికి జరిపారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. వందేళ్లు దాటినా బెదురు కుక్కల వైద్యంలో ఈ ఉపాయాన్ని మించింది రాలేదు.

సహించేంత దూరం ఎంతో చుక్క ఒళ్లే చెబుతుంది. తోక కడుపు కిందికి ముడవడం, చెవులు తలకు అతుక్కోవడం అందరికీ తెలిసినవే. వాటికంటే ముందు వచ్చే చిన్న గుర్తులు పట్టుకోవాలి: ఎదురుగా తిండి లేకపోయినా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, మొహం పక్కకు తిప్పేసుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ముందుకాలు ఒకటి గాల్లోకి లేపి ఆగిపోవడం, ఉక్క లేకపోయినా రొప్పడం. అన్నిటికన్నా ముఖ్యమైనది బొమ్మలా బిగుసుకుపోవడం. ఇవి కనిపిస్తే మీరు దగ్గరగా ఉన్నారనే. ఒకటి రెండు అడుగులు వెనక్కి జరగండి. "అరె, జరగమంటే జరిగారే" అని అది తెలుసుకోవడం వంద ముక్కల కోడిమాంసం కన్నా విలువైనది.

కుక్క భయపడుతుంటే ఓదార్చకూడదు, ఓదారిస్తే భయాన్ని మెచ్చుకున్నట్టవుతుందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఇది పాతుకుపోయిన అపోహ. భయం బహుమతి కోసం చేసే పని కాదు, ఓదార్పు వల్ల పెరగదు. చుక్క మీ దగ్గరికొచ్చి ఒరిగితే నిశ్చింతగా ఓదార్చండి. రానప్పుడు మాత్రం ఓదార్పు పేరుతో మీరు వెళ్లి మీద పడకండి. నిమరడానికి ఒప్పుకునే రోజు వచ్చాక కూడా, వంగి తల మీద చెయ్యి వెయ్యకుండా, దానికి కనబడేలా గదమ కిందో రొమ్ము మీదో మూడు క్షణాలు నిమిరి ఆపండి. ఇంకా కావాలంటే మూతితో తోస్తుంది, లేకపోతే జరిగిపోతుంది. ప్రతిసారీ ఇలా దాన్ని అడుగుతూ ఉండండి.

ఎవరైనా కొట్టి ఉంటారా అన్నారు. కొట్టి ఉండొచ్చు, కానీ బెదురు చూసి ఆ సంగతి చెప్పలేం. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగో వారం దాకా ఒక కిటికీ తెరుచుకుని ఉంటుంది. అప్పుడు చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు జీవితాంతం మామూలు విషయాలైపోతాయి. ఆ రోజుల్లో తారసపడనివన్నీ తర్వాత అనుమానాస్పదాలే. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ ప్రచురించిన పరిశోధనలో పద్నాలుగు వారాలు మనిషి స్పర్శ లేకుండా పెరిగిన కుక్కపిల్లలు అడవి జంతువుల్లా బెదిరిపోయాయి. వాటిని ఎవరూ ఒక్క దెబ్బ కొట్టలేదు. రక్తంలో వచ్చేదీ కొంత ఉంటుంది. 1959లో సైబీరియాలో ద్మిత్రి బెల్యాయెవ్ మొదలుపెట్టిన నక్కల ప్రయోగంలో, మనిషికి బెదరని వాటినే తరతరాలుగా ఎంచి జతకట్టిస్తూ పోతే కొన్ని తరాలకే తోక ఊపుతూ వచ్చే పిల్లలు పుట్టాయి. మరి బెదురు కూడా అలాగే తల్లి నుంచి పిల్లకు వస్తుంది. అందుకని ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో ఊహించుకుంటూ రాత్రుళ్లు బాధపడకండి. గతం ఏదైనా చెయ్యాల్సిన పని ఒకటే. జాలితో గుండె కరిగిపోయి దాన్ని గట్టిగా హత్తుకోవాలనిపించడమే ఇప్పుడు దానికి పెద్ద ఇబ్బంది.

బాబు మీద గుర్రుమన్నందుకు చుక్కను కసరలేదు కదా? కసరి ఉంటే ఇకముందు వద్దు. గుర్రుమనడం కుక్క మర్యాదగా చెప్పే ఆఖరి మాట. దాన్ని నోరు మూయిస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది, ఈసారి నేరుగా పన్ను దిగుతుంది. అసలు దిద్దాల్సింది పిల్లవాడి అలవాటును. చుక్క చోటు దగ్గరికి వెళ్లకూడదు, అది తినేటప్పుడూ పడుకున్నప్పుడూ తాకకూడదు, ఇంట్లో దాని కంటబడేలా పరుగెత్తకూడదు. పెద్దవాళ్లు గదిలో లేకుండా ఇద్దరినీ ఒకచోట ఎప్పుడూ వదలకూడదు, ఎప్పుడూ అంటే ఒక్క నిమిషం కూడా. తలుపుకు పిల్లల గేటు బిగిస్తే మీకు ఊపిరి పీల్చుకునే వీలు చిక్కుతుంది. బాబుకు మంచి పని కూడా ఒకటి అప్పగించండి: దూరంగా కూర్చుని రోజూ కాసేపు పాఠం పైకి చదవడం. చుక్క వైపు చూడకుండా, ఒకే గొంతుతో. ఆ గొంతు దానికి అలవాటవుతుంది, బాబుకూ నేనూ ఏదో చేస్తున్నానని తృప్తిగా ఉంటుంది. రేబిస్ టీకా కాగితాలు ఒకసారి సరిచూసుకోండి. ఎవరికైనా పన్ను గాటు పడితే, చిన్నదైనా సరే, వెంటనే సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గుమ్మం దగ్గర నేలకు కరుచుకుపోతున్న కుక్కను బయటికి తీసుకెళ్లాల్సిన పని ఇప్పుడు లేదు. షికారు కుక్క ఆనందం కోసం, ఆనందం లేనప్పుడు అది శిక్షే. తలుపులన్నీ మూసి ఉన్న ఇంట్లోనే తిండి గింజల్ని ఒక పాత తువ్వాలు మడతల్లో చల్లి, వాసన పట్టుకుని వెతుక్కోనివ్వండి. ముక్కుతో పనిచేస్తున్నంతసేపు దాని మనసు నెమ్మదిస్తుంది. ఇంట్లో ఒంటికి పోయే మూలకు పీల్చుకునే ప్యాడ్లు వేసి, దాని మానాన దాన్ని పోనివ్వండి. బయటికి వెళ్లే ధైర్యం వచ్చాక అలవాటు మార్చొచ్చు. ఒలికిన చోటును ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో తుడవండి. అమ్మోనియా వాసన వచ్చే ద్రావణాలు వద్దు, మూత్రంలోనూ ఆ వాసనే కాబట్టి అక్కడికే పిలిచినట్టవుతుంది.

బయటికి వెళ్లే రోజు కోసం ఇప్పటి నుంచే చెయ్యాల్సింది ఒకటుంది. కొత్తగా ఇంటికొచ్చిన బెదురు కుక్కలకు అన్నిటికన్నా పెద్ద ముప్పు పారిపోవడం. మామూలు హార్నెస్, అంటే రొమ్ము చుట్టూ తొడిగే పట్టీల కూర్పు, వేస్తే భయపడ్డ కుక్క వెనక్కి నడిచి, భుజాలు ముడిచి, చొక్కా విప్పినట్టు విప్పేసుకుని పోతుంది. పక్కటెముకల వెనక, నడుము సన్నగా ఉండే చోట ఇంకో పట్టీ ఉన్న రకం తీసుకోండి, దాన్నుంచి తప్పించుకోవడం చాలా కష్టం. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, మూడు పట్టకూడదు. దాన్ని ఒక్కసారిగా తొడగకండి. కొన్నాళ్లు సోఫా పక్కన నేల మీద పడేసి దాని మీద ముక్కలు పెట్టండి. తర్వాత దాని మెడ రంధ్రంలోంచి చెయ్యి పెట్టి ముక్క చూపిస్తే, తనే తల దూర్చి అందుకునే రోజు వస్తుంది. తొడిగాక లీష్ (మనం పట్టుకునే తాడు) ఒకటి హార్నెస్‌కు, ఇంకొకటి మెడపట్టీకి. వీధి తలుపు తీసే ముందు లోపలి తలుపు మూసి ఉండాలని ఇంట్లో అందరికీ కట్టడి చెయ్యండి. షెల్టర్ వాళ్లు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్) వేసి ఉంటే దాని 15 అంకెల నంబరు పేరున మీ ఫోన్ నంబరు నమోదైందో లేదో ఈ రోజే చూసుకోండి. చిప్ ఉండి పాత నంబరు ఉంటే లేనట్టే. ఒకవేళ తప్పించుకుంటే వెంటపడొద్దు. మీరు పరుగెత్తేకొద్దీ అది ఇంకా దూరమవుతుంది. నేల మీద కూర్చుని, పక్కకు తిరిగి, ముక్కలు చుట్టూ చల్లండి. కనబడకుండా పోతే చివరగా కనిపించిన చోట మీరు వాడిన దుప్పటి, దాని గిన్నె ఉంచండి.

మందుల గురించి. ముందు పశువైద్యుడికి చూపించండి, భయానికి కాకపోయినా నొప్పి కోసం. చెవి పోటు, పుచ్చిన పన్ను, తుంటి కీలు నొప్పి ఉన్న కుక్క తాకబోతే బెదురుతుంది, చప్పుళ్లకు ఉలిక్కిపడుతుంది. మనం దాన్ని స్వభావం అనుకుంటాం. ఆసుపత్రికి తీసుకెళ్లడమే నరకమైతే ఇంటికి వచ్చి చూసే డాక్టర్ని వెతకండి, లేదా చుక్క నడవడిక ఫోన్లో దూరం నుంచి వీడియో తీసి ముందు అది చూపించండి. భయానికి మందులున్నాయి. ఫ్లూయాక్సెటిన్ లాంటివి కుక్కలకు ఏళ్ల తరబడి వాడుతున్నారు. అవి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆపేటప్పుడు కూడా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మందిస్తే కుక్క మత్తులో పడి ఉంటుందని చాలామంది వెనకాడతారు. సరైన మోతాదులో సాధారణంగా అలా జరగదు, పైన చెప్పిన ముక్కల ఆటను నేర్చుకునేంత నెమ్మది మనసుకు దొరుకుతుంది. రోజంతా వణుకుతూ బతకడం కంటే మందు వేసుకోవడం నయం అని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు మీకు మీరుగా ఇవ్వకండి. మన ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కకు విషం. చుక్క ఒక రోజంతా నీళ్లు ముట్టకపోయినా, మూత్రానికి పోకపోయినా, రెండు రోజులు తిండి మానేసినా ఆలోచించకుండా డాక్టర్‌కు ఫోన్ చెయ్యండి.

దగ్గరవుతుందా అంటే, మీకు దగ్గరవుతుందనే నా నమ్మకం. అయితే వచ్చేపోయే వాళ్లందరి ఒళ్లోకి ఎక్కే కుక్క కాకపోవచ్చు. కొన్ని ఇంటివాళ్లకు ప్రాణం పెడతాయి, గడప దాటి వచ్చే ప్రతివాళ్లకూ జీవితాంతం బెదురుతూనే ఉంటాయి. అదీ నిండు బతుకే. ముందడుగులు వేరే రకంగా కనబడతాయి, చూసే కన్నుంటే: మీరు గదిలో ఉండగా ఒత్తిగిలి పొట్ట కనబడేలా పడుకోవడం, పగలు ఒళ్లు విరుచుకోవడం, గిన్నె చప్పుడుకు తల బయటపెట్టడం, ఏదో పాత చెప్పు ఎత్తుకుపోవడం. చెప్పు పోతే తిట్టకండి. ఆడుకోవాలనిపించిన కుక్క అది. మధ్యలో వెనకడుగులూ పడతాయి. ఒక రోజు పిడుగు పడిందనో, గిన్నె జారిందనో వారం పాటు మళ్లీ సోఫా వెనకే ఉండొచ్చు. అలాంటప్పుడు భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకోకుండా రెండు మూడు రోజులు ఏ కొత్తదీ పెట్టకుండా వదిలేయండి. రెండు నెలలు గడిచినా ఏ మార్పూ కనబడకపోతే నడవడిక చూసే పశువైద్యుల సాయం తీసుకోండి. ట్రైనర్‌ను పిలిచేట్టయితే, షాక్ కాలరో, మెడ బిగించే గొలుసో, "నువ్వే యజమానివని చూపించాలి" అనే మాటో వినబడితే గుమ్మంలోంచే పంపించేయండి.

ఆ నాలుగు రోజుల ప్రయాణానికి చుక్కను బోర్డింగ్‌లో, అంటే కుక్కల్ని డబ్బు తీసుకుని ఉంచుకునే చోట, వదలకండి. మళ్లీ కొత్త చోటు, కొత్త కుక్కల అరుపులు, మీరూ లేరు, ఇప్పటిదాకా పోగేసింది చాలావరకు చేజారిపోతుంది. మీతో తీసుకెళ్లడమూ మంచిది కాదు. మీలో ఒకరు ఆగిపోగలిగితే అన్నిటికన్నా మేలు. వీలు కాకపోతే మీ ఇంట్లోనే వచ్చి ఉండే ఒక నెమ్మదస్తురాలిని ఇప్పుడే చూసుకోండి. ఈ వారం నుంచే రోజు విడిచి రోజు వచ్చి, చుక్కను పలకరించకుండా, మీతో కాసేపు కూర్చుని, వెళ్లేముందు నాలుగు ముక్కలు సోఫా వైపు జార్చి వెళ్లమనండి. రెండు వారాలయ్యాక తిండి గిన్నె ఆవిడే పెట్టాలి. ఒక రాత్రి మీరు ఇంట్లో ఉండగానే ఆవిడ అక్కడ పడుకోవాలి. ఆ రాత్రి చుక్క ఎప్పటిలా వచ్చి తింటే మీరు ఊరెళ్లొచ్చు. తినకపోతే ఈసారికి ప్రయాణం ఒక్కరే చెయ్యండి.